గ్రీకు, రోమన్ స్తంభాలు చేత్తో గీయడం ఎలా: టస్కన్ నుంచి కోరింథియన్ దాకా

క్లాసికల్ ఆర్డర్స్ గీద్దాం అని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటిరోజే కోరింథియన్ కాపిటల్, అంటే స్తంభం తల భాగం, పట్టుకుంటారు, ఆకులు, చుట్టలు, అవే కదా చూడ్డానికి బాగుండేవి, రెండు గంటలు ఆ ఆకులతో కుస్తీ పట్టి పేపర్ చింపేసి ఇది మనవల్ల అయ్యేది కాదులే అని లేచిపోతారు. ఆకులు చివరాఖరికి. స్తంభం లావుకీ ఎత్తుకీ, దానిమీద కూర్చున్న దూలానికీ మధ్య ఉండే లెక్కనే ఆర్డర్ అంటారు, ఆ లెక్క కుదిరితే ఆకు లేకపోయినా అందంగానే ఉంటుంది, కుదరకపోతే ఎన్ని ఆకులు పెట్టినా అంతే. మన ఊళ్లలో కొత్తిళ్ల పోర్టికోల ముందు రెడీమేడ్ అచ్చుల్లో పోసిన కోరింథియన్ పిల్లర్లు చూసే ఉంటారు, కాపిటల్ బ్రహ్మాండంగా ఉంటుంది, కింద పిల్లర్ మాత్రం పొట్టిగా లావుగా ఉంటుంది, ఏదో తేడాగా ఉందని అందరికీ తెలుస్తుంది కానీ ఏంటో చెప్పలేరు. గీయడం నేర్చుకుంటే చెప్పగలుగుతారు.

మొత్తం ఐదు: టస్కన్, డోరిక్, అయోనిక్, కోరింథియన్, కాంపోజిట్. కొలతల విషయానికొస్తే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, రోమన్ల కాలంలో విట్రూవియస్ అనే ఆర్కిటెక్ట్ చెప్పింది ఒకటి, ఇటలీ ఆర్కిటెక్టుల్లో 1537లో సెర్లియో వేసింది ఇంకోటి, 1570లో పల్లాడియోది మరోటి. నేర్చుకునేటప్పుడు ఒక్కరినే పట్టుకోండి, ఇద్దరు ముగ్గురిని కలిపితే తలనొప్పే. నా ఓటు విన్యోలాకి. ఈయన ఇటలీ ఆర్కిటెక్ట్, 1562లో ఐదు ఆర్డర్ల మీద బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు, ఆ తర్వాత మూడు శతాబ్దాల పైన యూరప్ డ్రాయింగ్ క్లాసుల్లో అదే నడిచింది, కారణం ఏంటంటే ఆయన అడుగులు అంగుళాలు పక్కనపెట్టేసి స్తంభం అడుగున ఉండే వ్యాసంలో సగాన్ని ఒక మాడ్యూల్ అనుకున్నాడు, ఇంక అన్నీ దాంట్లోంచే.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. స్తంభం ఎత్తు దాని అడుగు వ్యాసానికి టస్కన్‌లో 7 రెట్లు, డోరిక్‌లో 8, అయోనిక్‌లో 9, కోరింథియన్, కాంపోజిట్‌లలో 10. మాడ్యూళ్లలో అయితే 14, 16, 18, 20, 20. స్తంభం మీద ఉండే దూలం భాగం మొత్తాన్ని ఎంటాబ్లేచర్ అంటారు, అందులో కిందనుంచి పైకి ఆర్కిట్రేవ్, ఫ్రీజ్, కార్నిస్ అని మూడు భాగాలు, మొత్తం కలిపి ఎప్పుడూ స్తంభం ఎత్తులో నాలుగో వంతు. స్తంభం కింద పెడెస్టల్, అంటే దిమ్మ, పెడితే అది మూడో వంతు, కానీ మొదట్లో పెడెస్టల్ జోలికి పోకండి. ఒక్కో మాడ్యూల్‌ని టస్కన్, డోరిక్‌లకి 12 పార్ట్స్‌గా, మిగతా మూడింటికి 18 పార్ట్స్‌గా విడగొడతారు, అవి సన్నటి పని కాబట్టి.

అయితే ఇది పుస్తకం లెక్క. నిజం బిల్డింగులు దీన్ని పట్టించుకోవు. ఏథెన్స్‌లో పార్థినాన్ డోరిక్ స్తంభాలు వ్యాసానికి ఐదున్నర రెట్లే ఉంటాయి, పైగా వాటికి బేస్ కూడా ఉండదు, నేరుగా మెట్టుమీదే లేస్తాయి. విన్యోలా లెక్కతో గీసింది పార్థినాన్ ఫొటో పక్కన పెట్టి కలవట్లేదే అని కంగారు పడొద్దు, ఒకటి క్రీ.పూ. ఐదో శతాబ్దం గ్రీకు పని, ఇంకోటి రోమన్ శిథిలాలు కొలిచి సరిదిద్దిన రెండువేల ఏళ్ల తర్వాతి లెక్క.

సామాను విషయానికొస్తే పెద్దగా ఖర్చు లేదు. కార్ట్రిడ్జ్ షీట్లు ఏ4, ఏ3 సైజువి, 2హెచ్ పెన్సిల్ లేత గీతలకి, హెచ్‌బీ ఫైనల్‌కి, స్టీల్ స్కేల్, ఒక జత సెట్ స్క్వేర్లు, కంపాస్, డివైడర్, ఒక ఫ్రెంచ్ కర్వ్. ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో కొన్న మినీ డ్రాఫ్టర్ అటకమీద ఉంటే దించండి, దానికి ఇన్నాళ్లకి మంచి పని దొరికింది. కంపాస్ మాత్రం వదులుగా ఉంటే స్క్రూ బిగించుకోండి లేదా మార్చేయండి, గీస్తున్నప్పుడు కాళ్లు జరిగితే అయోనిక్ దగ్గర ఏడుపే.

స్తంభం గీసేముందు ఒకటి రెండు రోజులు మోల్డింగ్స్ మీద పెట్టండి. ఆర్డర్ ఏదైనా సరే ఆ అంచులన్నీ ఏడెనిమిది రకాల వంపులతోనే తయారవుతాయి. ఫిల్లెట్ అంటే సన్నటి చదునైన పట్టీ. టోరస్ అంటే బయటికి పొంగిన అర్ధవృత్తం, బేస్‌లో ఉంటుంది. దాన్నే చిన్నగా చేస్తే ఆస్ట్రగల్. స్కోషియా లోపలికి పోయిన వంపు. ఓవోలో పావు వృత్తం బయటికి, కావెట్టో పావు వృత్తం లోపలికి. కొంచెం కష్టం అనిపించేవి రెండు సైమాలు, రెక్టా, రివర్సా, రెండు వంపులు కలిసి మెలి తిరిగినట్టు ఉంటాయి, రెక్టాలో పై సగం లోపలికి పోతుంది, రివర్సాలో పై సగం బయటికి పొంగుతుంది. వీటికి సులువు ఏంటంటే, వంపు మొదలయ్యే బిందువుకీ ముగిసే బిందువుకీ ఒక వాలు గీత కలిపేయండి, దాన్ని సగానికి చేయండి, ఒక్కో సగంమీద ఒక సమబాహు త్రిభుజం గీస్తే దాని కొస కంపాస్ ముల్లు పెట్టాల్సిన చోటు, ఒక త్రిభుజం గీతకి ఇటువైపు, ఇంకోటి అటువైపు. రెండు చాపాలు మధ్యలో కలుస్తాయి. ఒక పేజీ నిండా ఇవే గీయండి, బోర్ కొట్టినా సరే, తర్వాత మిగిలేదంతా వీటిని ఒకదానిమీద ఒకటి పేర్చడమే.

ఇప్పుడు టస్కన్. ఏ4 షీట్ నిలువుగా పెట్టి మాడ్యూల్ 12 మి.మీ. తీసుకోండి, ఎందుకంటే అప్పుడు ఒక పార్ట్ సరిగ్గా 1 మి.మీ. అవుతుంది, లెక్కలే ఉండవు, స్కేల్ చూసి పెట్టుకుంటూ పోవడమే. మొత్తం పదిహేడున్నర మాడ్యూళ్లు, అంటే 210 మి.మీ. ముగ్గేసేటప్పుడు ముందు చుక్కలు పెట్టుకున్నట్టు ఇక్కడ కూడా ముందు ఎత్తులన్నీ గుర్తు పెట్టేస్కోవాలి. మధ్యలో ఒక నిలువు గీత, అది యాక్సిస్, దాని అడుగున సున్నా. అక్కడ్నించి 12 దగ్గర బేస్ అయిపోతుంది, 156 దగ్గర షాఫ్ట్, అంటే బేస్‌కీ కాపిటల్‌కీ మధ్య ఉండే నిలువు కంబం, 168 దగ్గర కాపిటల్, 180 దగ్గర ఆర్కిట్రేవ్, 194 దగ్గర ఫ్రీజ్, 210 దగ్గర కార్నిస్. ఇవన్నీ స్కేల్ ఒక్కసారే పెట్టి సున్నా నుంచే కొలవండి, ఒక ముక్క కొలిచి దాని చివర్నించి ఇంకో ముక్క అలా వెళ్తే ప్రతిసారీ అర మి.మీ. అటూ ఇటూ అయ్యి పైకి వెళ్లేసరికి రెండు మూడు మి.మీ. తేడా వచ్చేస్తుంది.

అడ్డం కొలతలు యాక్సిస్ నుంచి రెండువైపులా సమానంగా పెట్టుకోవాలి. షాఫ్ట్ అడుగున 12, పైన 9.5. బేస్ పలక 16.5 దాకా వస్తుంది. బేస్ 12 మి.మీ.లో కింద 6 పలక, దానిమీద 5 టోరస్, చివరి 1 ఫిల్లెట్. కాపిటల్‌ని మూడు సమాన భాగాలు చేయండి, నాలుగేసి మి.మీ., కింద మెడ, మధ్యలో ఓవోలో, పైన చదరపు పలక, దాన్ని అబాకస్ అంటారు, అది యాక్సిస్ నుంచి 14.5 దాకా వస్తుంది. ఆర్కిట్రేవ్, ఫ్రీజ్ ముఖాలు షాఫ్ట్ పైభాగానికి సరిగ్గా తిన్నగా ఉండాలి, అంటే అదే 9.5 దగ్గర, ఇది చాలామంది గమనించరు, దూలాన్ని అబాకస్ అంచుదాకా లాగేస్తారు, దాంతో మొత్తం మొద్దుగా తయారవుతుంది. కార్నిస్ 16 మి.మీ. ఎత్తులో కింద 4 సైమా రివర్సా, మధ్యలో కొరోనా అనే నిటారు పట్టీ, పైన 4 ఓవోలో, వాటి మధ్య సన్నటి ఫిల్లెట్లు. ముందుకి తోసుకొచ్చే దూరం ఎత్తుకంటే రెండు మి.మీ. ఎక్కువ.

ఇంక షాఫ్ట్ పక్క గీతలు. స్కేల్ పెట్టి కింద 12 నుంచి పైన 9.5కి గీత లాగేయకండి, అలా చేస్తే స్తంభం ఎండిపోయినట్టు కనిపిస్తుంది. కిందనుంచి మూడో వంతు దాకా నిటారుగా వెళ్లి, అక్కడ్నించి మెల్లగా వంపు తిరుగుతూ సన్నబడాలి, దీన్నే ఎంటాసిస్ అంటారు. షాఫ్ట్ 144 మి.మీ., మూడో వంతు 48, బేస్ 12 కలిపితే సున్నా నుంచి 60 ఎత్తులో ఒక అడ్డగీత గీసి దానిమీద 12 రేడియస్‌తో అర్ధవృత్తం వేయండి. షాఫ్ట్ పైన 9.5 దగ్గర్నుంచి ఒక నిలువు గీత కిందకి దించితే ఆ అర్ధవృత్తాన్ని ఒకచోట తాకుతుంది. అక్కడ్నించి అర్ధవృత్తం చివర దాకా ఉన్న చాపాన్ని డివైడర్‌తో నాలుగు సమాన భాగాలు చేయండి. పైన మిగిలిన 96 మి.మీ. ఎత్తుని కూడా నాలుగు చేయండి, 24 చొప్పున. చాపంమీద ఒక్కో బిందువు నుంచి నిలువుగా పైకి వెళ్లి దాని వంతు అడ్డగీతని పట్టుకోండి. యాక్సిస్ నుంచి కొలిస్తే కిందనుంచి వరసగా 11.8, 11.4, 10.6, 9.5 రావాలి, ఒకసారి సరిచూస్కోండి. ఆ బిందువుల్ని ఫ్రెంచ్ కర్వ్‌తో కలిపితే అయిపోయింది. తేడా రెండు మి.మీ. కూడా లేదు కదా దీనికింత అవసరమా అనిపిస్తుంది, గీశాక తిన్న గీతతో వేసినదాని పక్కన పెట్టి చూడండి.

టస్కన్ రెండు మూడుసార్లు చూడకుండా వేయగలిగాక డోరిక్‌కి రండి, నన్నడిగితే అసలు సరదా ఇక్కడే. ఏ3 షీట్, మాడ్యూల్ 18 మి.మీ., మొత్తం 20 మాడ్యూళ్లు 360 మి.మీ. సున్నా నుంచి 18 బేస్, 270 షాఫ్ట్, 288 కాపిటల్, 306 ఆర్కిట్రేవ్, 333 ఫ్రీజ్, 360 కార్నిస్. అడుగు వ్యాసం 36, పైన 30. ఎంటాసిస్ పద్ధతి ఇందాకటిదే. ఒక్క స్తంభం కాకుండా రెండు వేయండి, ఎందుకంటే డోరిక్‌లో ఫ్రీజే స్తంభాల మధ్య దూరాన్ని నిర్ణయిస్తుంది. ఫ్రీజ్‌లో నిలువు గాడులున్న దిమ్మ ట్రైగ్లిఫ్, అది ఒక మాడ్యూల్ వెడల్పు, 18. దాని పక్క ఖాళీ మెటోపి, అది ఒకటిన్నర మాడ్యూల్ చదరం, 27 బై 27. ప్రతి స్తంభం యాక్సిస్‌మీద ఒక ట్రైగ్లిఫ్ నడిమధ్యకి రావాలి. కాబట్టి స్తంభాల మధ్య దూరం ఎప్పుడూ 45 మి.మీ. గుణిజాల్లోనే ఉంటుంది, మీ ఇష్టమొచ్చినంత పెట్టడం కుదరదు. 135 పెట్టండి, రెండు స్తంభాల ట్రైగ్లిఫ్‌ల మధ్యలో ఇంకో రెండు ట్రైగ్లిఫ్‌లు, మూడు మెటోపీలు చక్కగా సరిపోతాయి, కార్నిస్ రెండువైపులా 36 చొప్పున ముందుకొచ్చినా షీట్‌లో పడుతుంది.

గ్రీకులకి మాత్రం ఇక్కడే చిక్కొచ్చింది, వాళ్లు బిల్డింగ్ మూలకి సరిగ్గా ట్రైగ్లిఫ్ ఉండాలన్నారు, అలా పెడితే అది స్తంభం యాక్సిస్‌మీదకి రాదు, దాంతో మూల స్తంభాన్ని కాస్త లోపలికి జరిపారు. రోమన్లు ఆ తిప్పలన్నీ ఎందుకని ట్రైగ్లిఫ్‌ని యాక్సిస్‌మీదే ఉంచి మూలలో ఒక ముక్క మెటోపి వదిలేశారు. మనం గీసేది రోమన్ పద్ధతి.

ట్రైగ్లిఫ్ 18 మి.మీ.ని ఎడమనుంచి ఇలా విడగొట్టండి: 1.5 సగం గాడి, 3 పట్టీ, 3 గాడి, 3 పట్టీ, 3 గాడి, 3 పట్టీ, 1.5 సగం గాడి. దాని కింద ఆర్కిట్రేవ్‌మీద ఆరు చిన్న బొట్టుల్లాంటివి వేలాడతాయి, వాటిని గుట్టే అంటారు, ఆరే ఉండాలి. షాఫ్ట్‌మీద గాడులు, అంటే ఫ్లూట్స్, డోరిక్‌లో 20, మధ్యలో పట్టీ లేకుండా అంచులు పదునుగా కలుస్తాయి. వీటిని సమాన దూరంలో గీస్తే స్తంభం చదునైపోతుంది, గుండ్రంగా కనిపించాలంటే పక్కలకి పోయేకొద్దీ దగ్గరపడాలి. స్తంభం కింద ఒక అర్ధవృత్తం వేసి 18 డిగ్రీల చొప్పున పది భాగాలు చేసి ఆ బిందువుల్ని పైకి ఎక్కించండి. ముందువైపు నడిమధ్య ఒక గాడి వచ్చేలా పెట్టుకుంటే అడుగున యాక్సిస్ నుంచి 2.8, 8.2, 12.7, 16, 17.8 దగ్గర అంచులొస్తాయి, పైన 2.3, 6.8, 10.6, 13.4, 14.8. కింద బిందువుని దాని పై బిందువుతో ఎంటాసిస్ వంపు పోకుండా కలపండి. చివరి అంచు షాఫ్ట్ పక్క గీతకి దాదాపు అంటుకునే ఉంటుంది, పెన్సిల్ బాగా చెక్కకపోతే రెండూ కలిసిపోతాయి.

అయోనిక్‌లో ఎత్తులు మామూలే, బేస్ ఒక మాడ్యూల్, కాపిటల్ మాడ్యూల్‌లో మూడింట రెండొంతులు, ఎంటాబ్లేచర్ నాలుగున్నర మాడ్యూళ్లు. గాడులు 24, మధ్యలో సన్నటి పట్టీలతో. అది మీరే వేయగలరు. ఇక్కడ నేర్చుకోవాల్సింది చుట్ట, వాల్యూట్. చేత్తో అలా తిప్పేస్తే వచ్చేది కాదు, కంపాస్‌తో పన్నెండు చోట్ల ముల్లు మార్చి పన్నెండు పావు చాపాలు గీయాలి.

విడిగా ఒక ఏ4 తీసుకోండి. చుట్ట ఎత్తు 16 పార్ట్స్, మధ్యలో ఉండే చిన్న వృత్తం కన్ను, దాని రేడియస్ 1 పార్ట్, కన్ను సెంటర్ నుంచి పైకి 9, కిందకి 7. ఒక పార్ట్ 12 మి.మీ. అనుకుంటే పైకి 108, కిందకి 84, కన్ను రేడియస్ 12. నిజంగా ఈ సైజు చుట్టకి స్తంభం గీయాలంటే దాదాపు నాలుగు మీటర్ల కాగితం కావాలి, ఇది ప్రాక్టీసుకే. కన్ను లోపల, సెంటర్ నుంచి నాలుగు వైపులా 6 మి.మీ. దూరంలో ఒక చతురస్రం, దాని లోపల 4 దూరంలో ఇంకోటి, దాని లోపల 2 దూరంలో ఇంకోటి. కుడివైపు చుట్టకైతే పెద్ద చతురస్రంలో పై ఎడమ మూల 1, పై కుడి 2, కింద కుడి 3, కింద ఎడమ 4. మధ్య చతురస్రంలో అదే వరసలో 5 నుంచి 8, లోపలి దాంట్లో 9 నుంచి 12. ఇంక గీయడం మొదలు. ముల్లు 1మీద, కంపాస్ 102 మి.మీ., సరిగ్గా 1కి పైన మొదలుపెట్టి కుడివైపుకి తిప్పండి. ఎక్కడ ఆపాలి అంటే, 1 నుంచి 2 మీదుగా గీత పొడిగిస్తే అది చాపాన్ని తాకినచోట. అక్కడ ఆపి ముల్లు 2మీద పెట్టి, కంపాస్‌ని ఆగిన చోటుకి సరిచేసుకుని కిందకి తిప్పండి, 2 నుంచి 3 మీదుగా పోయే గీత దగ్గర ఆపండి. ఇలాగే పన్నెండూ. రేడియస్‌లు వరసగా 102, 90, 78, 66, తర్వాత 56 దగ్గర్లో, చివరిది 13.5 దగ్గర్లో వచ్చి కన్ను అంచుని తాకుతుంది. 4 నుంచి 5కి, 8 నుంచి 9కి మారేటప్పుడు గీత కొంచెం వాలుగా పోతుంది, అక్కడ నిలువుగా ఉందిలే అనుకుని ఆపేస్తే చుట్టలో చిన్న గంటు పడుతుంది.

లోపలి రెండో గీతకి చతురస్రాలు 5.5, 3.5, 1.5 తీసుకుని, పైనుంచి 12 మి.మీ. కిందకి మొదలుపెట్టండి, మొదటి రేడియస్ 90.5. రెండు గీతల మధ్య పట్టీ తిరిగేకొద్దీ సన్నబడుతూ కన్ను దగ్గర మాయమైపోవాలి. ఎడమ చుట్టకి అన్నీ అద్దంలో చూసినట్టు తిప్పేయండి.

ఇప్పుడు కోరింథియన్. కొరింథ్ అనే గ్రీకు ఊళ్లో చనిపోయిన ఒక అమ్మాయి సమాధిమీద ఆమె దాది ఒక బుట్టలో వస్తువులు పెట్టి పైన పెంకు కప్పిందని, కింద ఉన్న అకాంథస్ మొక్క ఆ బుట్ట చుట్టూ పెరిగి పెంకు మూలల దగ్గర వంగిపోయిందని, కాలిమాకస్ అనే శిల్పి అది చూసి ఈ కాపిటల్ చేశాడని విట్రూవియస్ చెప్తాడు. నిజమో కాదో గానీ గీయడానికి ఇంతకన్నా మంచి సూచన లేదు, ముందు బుట్ట, తర్వాత పెంకు, ఆ తర్వాతే ఆకులు.

మాడ్యూల్ 36 మి.మీ. పెట్టుకుని కాపిటల్ ఒక్కటే గీయండి. ఎత్తు 84: మొదటి వరస ఆకులు 24, రెండో వరస 24, చుట్టలకి 24, పైన అబాకస్ 12. బుట్ట అడుగు వెడల్పు షాఫ్ట్ పైభాగమంతే, 60. అబాకస్ పైనుంచి చూస్తే చతురస్రం, మూల నుంచి ఎదురు మూలకి 4 మాడ్యూళ్లు, 144, భుజాలు మాత్రం లోపలికి వంగి ఉంటాయి, మూలలు కొంచెం కత్తిరించి ఉంటాయి. కాపిటల్ కింద పైనుంచి చూసే ప్లాన్ కూడా వేసి గీతలు పైకి ఎక్కించుకుంటేనే ఆకులు సరైన చోట పడతాయి. ఒక్కో వరసలో 8 ఆకులు, రెండో వరస ఆకు ఒకటి సరిగ్గా ముందు యాక్సిస్‌మీదకి, ఇంకోటి మూల చుట్ట కిందకి వస్తుంది, మొదటి వరసవి వాటి సందుల్లో. మూల వైపు నుంచి చూస్తే ఆకుల కొసలు అబాకస్ మూల నుంచి షాఫ్ట్ పైన ఉంగరం దాకా గీసిన వాలు గీతని దాటకూడదు.

ఆకుల్ని మొదట్లో ఊరికే నాలుక ఆకారంలో, కొస ముందుకి వంగినట్టు, నడి ఈనె ఒక్కటి వేసి వదిలేయండి. అన్నీ ఆ మొరటు రూపంలో కుదిరి, కొంచెం దూరంగా పెట్టి చూస్తే కోరింథియన్‌లా ఉందనిపిస్తేనే ఒక్కో ఆకుని చీలికలుగా విడగొట్టండి, అన్ని ఈనెలూ ఆకు మొదలు వైపుకే పోవాలి. ఇక్కడ కంపాస్ పక్కన పెట్టేసి ఫ్రీ హ్యాండే.

నిజంది చూడాలంటే రోమ్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి విమెన్స్ కాలేజీలో, ఇప్పుడది మహిళా యూనివర్సిటీ, పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, 1800ల మొదట్లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించింది, ముందు పోర్టికోలో ఆరు పెద్ద కోరింథియన్ స్తంభాలు. లోపలికి వెళ్లే వీలుంటే ఎదురుగా దూరం నుంచి, కెమెరా పైకి ఎత్తకుండా నిటారుగా ఒక ఫొటో తీసుకోండి, ప్రింట్ తీసి డివైడర్‌తో స్తంభం అడుగు వ్యాసం పట్టుకుని ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టండి, తర్వాత ఎంటాబ్లేచర్ నాలుగో వంతు ఉందో లేదో చూడండి. అదే పని మీ వీధిలో ఉన్న పిల్లర్లమీద కూడా చేయండి, ఇంటివాళ్లు ఏం చేస్తున్నావు అని అడిగేలోపు.

కాంపోజిట్ గురించి విడిగా చెప్పడానికేం లేదు. కోరింథియన్ ఎత్తులే, రెండు వరసల ఆకులూ అవే, పైన చిన్న చుట్టల బదులు అయోనిక్ చుట్టలు కూర్చోబెడతారు. రోమ్‌లో టైటస్ ఆర్చ్ ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని వేయండి.